చాటన్ తాకని ఫైలు

పోయిన వారం మనం గోదావరిని కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. నిజామాబాద్ గంజ్ పక్కన, పసుపు కమీషన్ దుకాణం మీది అంతస్తులో ఆత్మారాం సార్ నడుపుకునే చిన్న కంప్యూటర్ ఆఫీసు అది. బోధన్ అవతలి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు కోత పర్మిట్లు రాసే ప్రోగ్రాం అక్కడే పుట్టింది, అక్కడే పెరిగింది. ఏ రైతు తోట ముందు కొట్టాలో, ఎవరిది తర్వాతో ఆ ప్రోగ్రామే తేలుస్తుంది. ముందు నాటినవాడికి ముందు పర్మిట్, అంతే ధర్మం. రెండు వేల సంవత్సరం నవంబరు నెల, గానుగ మొదలయ్యే వేళ. ప్రోగ్రాంలో తప్పులుంటే ముందే ఏరిపెట్టమని ఫ్యాక్టరీ అడిగితే గోదావరి తన చాటన్లను దాని మీదికి వదిలింది. అందులో మూడు వేర్వేరు దారుల్లో పోయి ఒకే గుమ్మం ముందు నిలబడిపోయాయి. ఆ గుమ్మానికి తాళం వేసిన చెయ్యి తనదేనని ఆమెకు గుర్తొచ్చిన చోట కిందటి భాగం ఆగింది.

చాటన్ అంటే ఏమిటో ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు ఒక ముక్క చెప్పాలి. బీడీ కార్ఖానాలో, ఆడవాళ్లు చుట్టి తెచ్చిన కట్టలు విప్పి, వంకరవీ వదులువీ ఏరి అవతల పారేసే మనిషి చాటన్. గోదావరి తల్లి వెంకటవ్వ పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుడుతోంది. చాటన్‌ను నాలుగు తిట్టకుండా ఆమె ఇంటికి వచ్చిన సాయంత్రం లేదు. ఆ తల్లి కడుపున పుట్టిన పిల్ల, అంత పెద్ద ప్రోగ్రాంను మనిషి కళ్లతో చదువుతూ కూర్చుంటే ఉగాది వచ్చిపోతుందని తెలుసుకుని, తమంతట తామే ఫైలు ఫైలుకూ తిరిగి తప్పులు ఏరుకొచ్చే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసింది. వాటికి చాటన్లని పేరు పెట్టింది. ఒక్కో చాటన్‌కు ఒక్కటే పని. ఒకటి, అదే ముక్కను రెండు చోట్ల రాసిన బద్ధకాన్ని పడుతుంది. ఇంకొకటి, పేరు పెట్టి వాడకుండా వదిలేసినవాటిని పడుతుంది. మూడోది తేదీల వెంటపడుతుంది. వీటన్నిటి మీదా ఒక టేకేదార్, అంటే కార్ఖానాలో పని పంచే గుత్తేదారు లాంటిది, ఉంది. ఎవరు ఏ ఫైలుకు పోవాలో చెప్పి పంపేదీ, వాళ్లు తెచ్చిన ఫిర్యాదులు కూడేసి కాగితం మీద కొట్టేదీ ఆ టేకేదార్ ప్రోగ్రామే.

అయితే వెంకటవ్వ పనిచేసే కార్ఖానాలో ఒక మర్యాద ఉంది. లింగవ్వ అనే పెద్దావిడ తెచ్చిన కట్టలను చాటన్ విప్పడు. చేతిలోకి తీసుకుని, కళ్లకద్దుకుని, మంచివాటి గంపలో పెట్టేస్తాడు. ఆ ఊళ్లో సగం మందికి బీడీ చుట్టడం నేర్పిన చెయ్యి ఆమెది. చాటన్ తల్లి కూడా ఆమె దగ్గరే నేర్చుకుంది. ఆ కట్టలు విప్పడమంటే ఆమె మొహం మీద ఉమ్మినట్టే లెక్క. గోదావరి చిన్నప్పటి నుంచి అది చూస్తూ పెరిగింది. అందుకే పదిహేను రోజుల కింద టేకేదార్‌ను రాస్తున్నప్పుడు, పెద్దగా ఆలోచించకుండానే అందులో ఒక వరుస పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: సార్ ఫైలు, విప్పొద్దు. కింద తన పేరు కూడా రాసింది.

ఇవాళ పొద్దున ఆఫీసు తాళం తీసిన దగ్గర్నుంచి ఆ వరుసను తీసేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. మూడు చాటన్లు పట్టిన తప్పుల జాడలూ ఆ ఫైలు గుమ్మం దగ్గరికే పోయాయంటే లోపల ఏదో ఉన్నట్టే. ఉందని తెలిశాక కూడా చూడకపోవడం మర్యాద కాదు, భయం. ఈ సంగతి ఆమె తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది. సార్ తనకు చదువు చెప్పినవాడు. పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వదులుకుని, ఈ ఊళ్లో కంప్యూటర్ అంటే టీవీ అనుకునే రోజుల్లో ఒకటి తెచ్చి పెట్టిన మనిషి. బీడీ చుట్టే ఇంటి పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరి పిల్లవని అడగకుండా నేర్పినవాడు. అట్లాంటి మనిషి పని మీదికి చాటన్‌ను దింపాలి. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయంటారు. ఇక్కడ చూసుకోవడానికి రెండో ఎలుక కూడా లేదు.

గోదావరి ఆ వరుస తీసేసింది. టేకేదార్‌ను నడిపింది.

చాటన్లు లోపలికి పోయాయి. కింద దుకాణంలో పసుపు బస్తాలు దించుతున్నారు, ఆ దుమ్ము మెట్ల మీదుగా ఎక్కి కీబోర్డు మీద పచ్చగా వాలుతోంది. ఆమె కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. కాసేపటికి ప్రింటర్ కరకరమంటూ కాగితం వదిలింది. బద్ధకాల చాటన్‌కు దొరికినవి చిన్నచిన్నవే, పెద్దాయన తొందరలో చేసినవి. తేదీల చాటన్ మాత్రం ఒకే ఒక్క ఫిర్యాదు తెచ్చింది. అది చదివి గోదావరి లేచి కిటికీ దాకా వెళ్లింది, మళ్లీ వచ్చి చదివింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆత్మారాం సార్ వచ్చాడు. గోడ మీద ఆయన ఫొటో ఉంది. మొన్న జనవరి ఒకటిన, కొత్త సంవత్సరంలో కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకమంతా గోల పెట్టినప్పుడు, తన ప్రోగ్రాం చెక్కుచెదరకుండా నడిచినందుకు ఫ్యాక్టరీవాళ్లు శాలువా కప్పినప్పటి ఫొటో. దాని కింద కుర్చీలోనే ఆయన రోజూ కూర్చుంటాడు.

"పని ఒడిసిందా బిడ్డా?" అన్నాడు సంచి బల్ల మీద పెడుతూ. "కాశయ్య ఫోన్ చేసుంటడు. పర్మిట్లు కొట్టుమని చెప్పాలె ఆయనకు."

కాశయ్య ఫ్యాక్టరీలో చెరుకు ఆఫీసరు.

"ఒక్క ఫైలు మిగిలుండె సార్. గది గూడ ఇప్పుడే అయింది."

"ఏ ఫైలు?"

"మీది."

ఆయన నవ్వాడు. "నాదాన్ల ఏం దొరుకుతది? నీ చాటన్లు పండ్లు ఊడగొట్టుకోని వచ్చుంటయ్."

"దొరికింది సార్. సంవత్సరానికి మీరు వెనకటి రెండంకెలే దాస్తున్నరు."

"గది జనవరిలనే సరిజేసిన గద. కాయితం మీద రెండు వేలని మంచిగ పడుతలేదా?"

"కాయితం మీద పడుతున్నది సార్. లోపల లేదు."

నవ్వు ఆయన మొహం మీదే ఉంది కానీ కళ్లలోంచి పోయింది. గోదావరి కుర్చీ జరిపి ఆయనకు చోటిచ్చింది. చెప్పడం కన్నా చూపించడం మేలనుకుని, ఉత్తుత్తి రైతులను ఇద్దరిని పుట్టించింది. ఒకరు వెంకటవ్వ, ఇంకొకరు లింగవ్వ. ఇద్దరికీ జానెడు పొలం లేదు, కానీ ఆ పొద్దున ఇద్దరూ చెరుకు నాటారు. వెంకటవ్వ తొంభై తొమ్మిది డిసెంబరులో, లింగవ్వ ఆ తర్వాత రెండు వేలు ఫిబ్రవరిలో. ధర్మం ప్రకారం వెంకటవ్వ తోట ముందు కొట్టాలి. గోదావరి కోత వరుస కట్టమని మీట నొక్కింది.

లింగవ్వ పేరు పైన పడింది.

"తొంభై తొమ్మిది ఒక దిక్కు, సున్నా సున్నా ఒక దిక్కు సార్," అంది గోదావరి మెల్లగా. "మిషన్‌కు సున్నానే చిన్నది. సున్నా ముందు నాటినట్టు లెక్క కట్టింది."

"మరి జనవరిల ఎందుకు తెల్వలే?"

"అప్పుడు కొట్టింది అంతకు ముందేడు తోటలు సార్. గవి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. వరుస బరాబర్ వచ్చింది. రెండు వేలల్ల నాటిన చెరుకు కోతకొచ్చుడు ఇదే మొదలు. ముందుగాల నాటినోళ్లందరు అడుగుకు పోయిన్రు. వెనక నాటినోళ్లు పైకొచ్చిన్రు."

శాలువా కప్పించుకున్న రోజున తప్పు లేదు. అది తోటతో పాటే నేలలో పడి, తోటతో పాటే పెరిగి, కోతకు వచ్చింది. ఆత్మారాం సార్‌కు కోపం రావడానికి కొంచెం సమయం పట్టింది, వచ్చాక మాత్రం అది పోవలసిన చోటికి పోలేదు.

"నన్ను అడగకుండ నా ఫైలు ఎట్ల విప్పినవ్?"

"అడగవలసింది సార్."

"గీ ఆఫీసుల నా ఇజ్జత్ ఇంతేనా? నేను నేర్పిన అక్షరాలతోని నా మీదికే చాటన్‌ను తోలినవా?"

ఏడుపు వస్తే ఇంక మాట రాదని గోదావరికి తెలుసు. అందుకే ఏడవలేదు.

"తోలింది ఇయ్యాల సార్. మొదటి రోజే తోలేదుండె. మీదని, విప్పొద్దని వదిలిన. పదిహేను రోజులు వదిలిన. లింగవ్వ కట్టలు చాటన్ విప్పకపోతె ఒక బీడీ ఖరాబైతది. గిది తోటలు సార్."

ఆయన తల తిప్పి ఆమె వంక చూశాడు. ఈ మాట మొదటి మాటకన్నా లోతుగా తగిలింది. తన ఫైలు విప్పినందుకు కోపం తెచ్చుకోవచ్చు. తన మీది గౌరవంతోనే దాన్ని విప్పకుండా వదిలేసిన పిల్ల మీద ఏమని కోపం తెచ్చుకోవాలో ఆయనకు తోచలేదు. వేరే మనిషి గొంతుతో అన్నాడు:

"మొదటి విడత గిట్లనే పోనీ. రెండో విడతకు సరిజేద్దం. ఎవరికి ఎరుకైతది?"

"డిసెంబర్‌ల నాటిన తోట రెండో విడత దాక ఆగది సార్. ఇప్పటికే పూత పట్టింది. బెండు పడితె గానుగల పిప్పే మిగుల్తది. ఏడాది కష్టం."

"కాంట్రాక్టు పోతది. శాలువా కప్పినోళ్లే చెప్పుల దండ ఏస్తరు."

"ఎయ్యనీండ్రి సార్."

ఆమె అంత మాట అనగలదని ఆమెకే తెలియదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు. "మొదటి రోజు గీ కుర్చీలనే కూసోబెట్టి మీరేం చెప్పిన్రు సార్? మిషన్ తనంతట తాను తప్పు చెయ్యదు, మనం చేసిన తప్పును అలిసిపోకుండ చేసుకుంటు పోతదన్నరు. నాకు గది ఒక్కటే యాదికుంది. మిగతాయన్నీ పుస్తకాలల్ల దొరుకుతయ్."

కింద హమాలీ ఎవరో బస్తా బరువుకు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆత్మారాం సార్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తెర మీద లింగవ్వ ఇంకా పైనే ఉంది. ఆ పేరును ఆయన వేలితో తాకాడు, చెరిపేద్దామన్నట్టు.

"లింగవ్వ కట్టల లెక్క నన్ను గూడ కళ్లకద్దుకోని గంపల పెట్టినవన్నట్టు," అన్నాడు. "ఫోన్ గిటు జరుపు. నేనే చెప్త."

గోదావరి ప్రాణం లేచి వచ్చింది. నేర్పిన మనిషి నేర్పినట్టే నిలబడ్డాడు, ఇంక ఏదైనా చెయ్యొచ్చు అనుకుంది. పర్మిట్లు పంచకముందే ఆపితే చాలు, మధ్యాహ్నానికల్లా వరుస సరిచేసి ఫ్లాపీ పట్టుకుని తనే బస్సెక్కి బోధన్ పోతుంది. మనసులో అప్పుడే కొంగు బిగించి పనిలో దిగింది కూడా.

లైను కలిసింది. కాశయ్య గొంతు ఎంత పెద్దదంటే ఫోన్ ఎవరి చెవి దగ్గరున్నా గదిలో అందరికీ వినపడుతుంది.

"కాశయ్యా, నేను ఆత్మారాంను. జర ఆగండ్రి. పర్మిట్లు కొట్టకుండ్రి. నా ప్రోగ్రాంల గల్తీ దొరికింది."

"ఇప్పుడు చెప్తున్నరా సాబ్? నిన్న పొద్దుగాలనే పంచినం."

"నా మాట వచ్చేదాక కొట్టొద్దన్న గద."

"ముహూర్తం ముందుకు జరిగింది. బాయిలర్ ముట్టిచ్చిన్రు. ఇంక చెరుకు లేకుంటె ఎట్ల? మీ పాత ప్రోగ్రాం ఇక్కడ మిషన్‌ల ఉండె, దాంతోనే కొట్టిన. పన్నెండేండ్ల నుంచి గదే కొడుతున్న."

ఆత్మారాం సార్ బల్ల అంచు పట్టుకున్నాడు. "మొదటి పర్మిట్ ఎవరికి పోయింది?"

కాశయ్య గొంతు అంత చిన్నబోవడం గోదావరి ఎప్పుడూ వినలేదు.

"తెల్వనట్టు అడుగుతరేంది సాబ్," అన్నాడు. "మీ తమ్మునికి. తుకారాంకు."

గోదావరికి తుకారాం తెలుసు. రెండు నెలలకోసారి చెరుకు గడల కట్ట తెచ్చి ఆఫీసు మెట్ల దగ్గర పెట్టి, పైకి రాకుండానే పోయే మొహమాటపు మనిషి. కిందటేడు బోరు మోటారు కాలిపోయి, డిసెంబరు దాటిపోయాక, జనవరి మొదటి రోజున నాటుకున్నాడు. సున్నా సున్నాల్లో మొదటి తేదీ అతనిదే, అందుకే డిసెంబరు వాళ్లందరినీ దాటి అందరికన్నా పైన పడ్డాడు. మిషన్‌కు అన్నలు లేరు, తమ్ముళ్లు లేరు. ఈ ముక్క బోధన్ చెరుకు రైతుకు ఎవరు చెప్తే నమ్ముతాడు?

"డిసెంబర్ తోటలోళ్లు గేటుకు అడ్డం కూసున్నరు," అంటున్నాడు కాశయ్య. "అన్న మిషన్‌ల రాసిండు, తమ్ముడు బండి కట్టిండు అంటున్నరు. తుకారాంను బండి దిగనిస్తలేరు. ఆయన నాకేం తెల్వదని ఏడుస్తున్నడు సాబ్. కొందరు జీపు కట్టుకోని మీ దిక్కే ఎల్లిన్రు. సాలూర పోశన్న ముందుగాల ఉన్నడు, ఆయన తోట మొత్తం పూత మీదుంది. మీ కాడ మిషన్ తప్పేనని సబూతు ఏమన్న ఉంటె చేతుల పట్టుకోండ్రి. లేకుంటె ఇంట్ల ఉండకుండ్రి."

ఫోన్ పెట్టేసిన చప్పుడు. గోరుచుట్టు మీద రోకలి పోటంటే ఇదే. నిజం చెబుదామని ఫోన్ ఎత్తిన మనిషి, ఫోన్ దించేసరికి దొంగ అయ్యాడు.

"తమ్మున్ని గూడ ఇండ్లకు గుంజిన," అన్నాడు ఆత్మారాం సార్.

"సబూతు ఉంది సార్," అంది గోదావరి. ఆమె అప్పటికే ప్రింటర్ దగ్గరుంది. "చాటన్ ఫిర్యాదుల తుకారాం పేరు లేదు, ఎవ్వరి పేరు లేదు. రెండు వేలల్ల నాటినోళ్లందరు పైకొచ్చిన్రని ఉంది. ఒక్కలకు చేసిన మేలు గాదని దీన్ని చూస్తె ఎవలకైనా తెలుస్తది."

ఆయన ప్రింటర్ మీదికి వంగి ఆ కాగితాన్ని పై నుంచి చదవడం మొదలుపెట్టాడు. మొదటి వరుసలోనే ఆగిపోయాడు. చాటన్లు ఏ ఫైలు విప్పాయో, ఏది వదిలేశాయో, వదలమన్నది ఎవరో టేకేదార్ అన్నిటికన్నా పైన కొడుతుంది. అట్లా కొట్టాలని రాసింది గోదావరే. అక్కడ ఉంది: సార్ ఫైలు, విప్పొద్దు. గోదావరి. పదిహేను రోజుల కిందటి తేదీ. దాని కింద, ఇవాళ పొద్దున విప్పిన తేదీ.

"గీ వరుస తీసి మళ్లా కొట్టు," అన్నాడు ఆత్మారాం సార్. "గిది చూస్తె నిన్ను గూడ కలుపుతరు. ఇద్దరు కలిసి దాచిన్రంటరు. నాది పోయేది ఎట్లనో పోయింది. నువ్వు ఇంక మొదలే పెట్టలేదు."

ఒక్క వరుస. తీసేయడానికి ఒక్క మీట చాలు. ఆమె తీస్తే అడిగేవాళ్లు లేరు, టేకేదార్ ఆమె రాసిన బంటు. గోదావరి ఆ మీట వంక చూడలేదని అంటే అబద్ధం. చూసింది. వెంకటవ్వ గుర్తొచ్చింది, ఆమె ఊరంతా చెప్పుకునే కంప్యూటర్ కూతురు గుర్తొచ్చింది.

"ఒక వరుస తీస్తె మిగిలినయి ఎందుకు నమ్మాలె సార్?" అంది. కాగితాన్ని ప్రింటర్ పళ్ల దగ్గర పట్టి, వంకర పోకుండా, పైనుంచి కింద దాకా ఒకటే ముక్కగా చింపింది.

కింద జీపు ఆగింది. హమాలీలు ఎవరినో "ఏయ్, ఎటు?" అని అడగడం వినిపించింది. పసుపు గోదాములోంచి వెనక వీధిలోకి ఒక దారి ఉంది. ఆత్మారాం సార్ కళ్లు ఒక్కసారి అటు పోయి, తనకే సిగ్గేసినట్టు వెనక్కి వచ్చాయి. ఆయన చొక్కా సరిచేసుకుని మెట్ల వైపు నడిచాడు. రెండో మెట్టు మీద ఆగి గోడ పట్టుకున్నాడు. గోదావరి ఆయనను దాటుకుని ముందుకు దిగింది.

మెట్ల కింద అయిదారుగురు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందున్నాయన భుజం మీద నిలువెత్తు చెరుకు గడ ఉంది. దాని కొసన తెల్లటి పూత, కుచ్చులా, పసుపు దుమ్ములో ఊగుతోంది. అతనే పోశన్న అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఆత్మారాం యాడున్నడు?" అన్నాడు పోశన్న.

వెనక మెట్టు మీద సార్ నోరు తెరిచాడు. గోదావరి ఆయనకు అడ్డంగా నిలబడి, కాగితాన్ని పోశన్న చేతిలో పెట్టి, మొదటి వరుస మీద వేలు పెట్టింది.

"చదివిచ్చుకో కాకా. తప్పు పట్టే పని నాది. పట్టకుండ వదిలింది గూడ నేనే. నా పేరు గిది."

పోశన్న భుజం మీది గడ దించి, మెట్టుకు ఆనించి నిలబెట్టాడు. కాగితం వంక చూడలేదు. జీపు వైపు తిరిగి, "గోదావరట," అని కేక వేశాడు. "గీ పిల్లనే. మనతోని గేటు కాడికి వచ్చి అందరి ముందు గీ మాటే చెప్తది. జీపుల జాగ చేయుండ్రి."